అయిదో వారం

గోవిందరావు గారి కుడిచేతి మీంచి ప్యాడ్ ఊడదీస్తూ కౌముది అన్న మాట చాలా చిన్నది. అన్నది ఆయనతోనే. తగిలింది మాత్రం గుమ్మంలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ శశికాంత్‌కి.

"ఏటండి మావయ్యగారూ, ఈ ఇంటి మొగాళ్ళందరూ ఇంతేనా? ఎలుగ్గొడ్డుకి కరెంటు పెడతన్నట్టుంది నాకు."

గోవిందరావు గారు రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరైన మనిషి. మే నెలలో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఫిజియోథెరపీ చేయించమని డాక్టరు చెబితే, వాళ్ళుండే రాయగడలోనే ఒక ఆసుపత్రిలో పనిచేసే కౌముది, డ్యూటీ అయ్యాక సాయంత్రాలు స్కూటీ మీద ఇంటికి వచ్చేది. ఆమె సొంత మిషన్ ఒకటి చిన్న పెట్టెలో తెచ్చేది. దాని వైర్ల చివర జిగురు ప్యాడ్లుంటాయి. అవి చర్మానికి అంటిస్తే కండరం దానంతటదే కదులుతుంది. ఇంటావిడ కామేశ్వరమ్మ దీన్ని 'కరెంటు పెట్టడం' అనేది. చిక్కల్లా ఒకటే. ఆయన చేతినిండా దట్టంగా వెంట్రుకలు. ప్యాడ్ సరిగ్గా అంటదు, తీసేటప్పుడు నాలుగు తెల్ల వెంట్రుకల్ని పట్టుకుని గాని రాదు.

ఆ మాటకి పెద్దాయన నవ్వారు. మూతి ఒకవైపే కదిలింది గాని నవ్వే. అంతకు ముందు రెండు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. కామేశ్వరమ్మ వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కాబట్టి ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకునే హక్కు ఎవరికీ లేకపోయింది.

శశికాంత్ తెచ్చుకున్నాడు. గ్లాసు కిందపెట్టి, మోచేతిదాకా మడిచి ఉన్న చొక్కా చేతులు దించుకుని, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకున్నాడు. నొప్పి లేకుండా తీయడం మీకు నేర్పలేదా అని అడిగాడు. కౌముది తల తిప్పి ఆ గుండీల వైపు ఒక్క క్షణం చూసి, షేవ్ చేయిస్తే నొప్పే ఉండదు, మీ పెదనాన్నగారినే అడగండి అంది.

పెద్దాయనకి మాట ముద్దగా వచ్చేది. అయినా ఆ జవాబు అందరికీ అర్థమైంది. "పుట్టినప్పుడు తెచ్చుకున్నాను. పోయినప్పుడు పట్టుకుపోతాను."

కౌముదికీ శశికాంత్‌కీ మొదటి పరిచయం ఇదీ. శుభమా అంటూ మొదలైన పరిచయం కాదు.

శశికాంత్‌కి తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. పిల్లలు లేని పెదనాన్న, పెద్దమ్మలే పెంచారు. ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. డొరగుడ అల్యూమినా రిఫైనరీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియను. అక్కడే క్వార్టర్స్‌లో ఉంటూ శనివారం సాయంత్రం టికిరిలో రైలెక్కి ఇంటికొచ్చేవాడు. పని తెలిసినవాడు, నెమ్మదస్తుడు. ఒక్కటే దాపరికం. ఛాతీ, వీపు, భుజాలు, చేతులు అంతా ఆ ఇంటి మగవాళ్ళ పోలికే. స్కూల్లో వాణ్ణి ఎవరూ పేరుతో పిలవలేదు, 'ఎలుగు' అనే పిలిచారు. నాగావళిలో అందరూ ఈదుతుంటే వాడు ఒడ్డున చొక్కాతో కూర్చుని బట్టలకి కాపలా కాసేవాడు. మే నెల ఎండలో కూడా ఫుల్ చేతుల చొక్కాయే. పార్వతీపురం సంబంధం ఒకటి కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. బనీనుతో ఉన్న పిక్నిక్ ఫోటో ఒకటి ఆ పిల్ల చూసిందట. అందుకే తప్పిందని ఎవరూ అనలేదు. వాడే అనుకున్నాడు, పదేపదే.

అలాంటివాడికి కౌముది మీద కోపం రెండు వారాలు నిలిచింది. మూడో వారం వాన పడింది.

వానంటే ఆ కొండల్లో మొదలెట్టాక ఆపడం తెలియని వాన. కౌముది రెయిన్‌కోటు విప్పి తలుపుకి తగిలించి, తడిసిన జడ చివర పిండుకుంటూ, ఈ పూట మీ ఇంట్లోనే అన్నం పెట్టేయండి అత్తయ్యగారూ అంది. కామేశ్వరమ్మ మిరపకాయ బజ్జీలు వేసింది. కౌముది పెద్దాయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలూ వంచుతూ, తెరుస్తూ, ఈ వేలుకి కోరాపుట్ టికెట్టు, ఈ వేలుకి టికిరి టికెట్టు అంటూ పాత గార్డుతో రైలాట ఆడించింది. బొటనవేలు తనంతట తాను కదిలినప్పుడు ఆమె ముఖంలో వచ్చిన వెలుగు చూసి శశికాంత్ బజ్జీ నమలడం మరిచిపోయాడు. అక్కడితో అయిపోయింది వాడి పని.

ఆ తర్వాత బుధవారాలు కూడా రావడం మొదలెట్టాడు. పెదనాన్న కోసమని అందరికీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు, ఎవరూ కాదనలేదు.

కానీ ఆమె పక్కన కూర్చున్నప్పుడల్లా ఆ మాట వినిపించేది. ఎలుగ్గొడ్డు. ఆమె చూపు తన మణికట్టు మీద పడితే చాలు, చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. రాయగడలో అయితే నలుగురికీ తెలుస్తుందని, ఒక ఆదివారం టికిరి నుంచి ఇంటివైపు కాకుండా అటువైపు రైలెక్కి కోరాపుట్ వెళ్ళాడు. అక్కడ సౌమ్యరంజన్ అనే ఒడియా అతను మగవాళ్ళ సెలూన్ నడుపుతున్నాడు. పని విశాఖపట్నంలో నేర్చుకున్నాడు, దాంతోపాటే తెలుగూ.

సౌమ్యరంజన్ చొక్కా విప్పమని, చూసి, ఏమీ అనలేదు. శశికాంత్ జీవితంలో తన వీపు చూసి ఏమీ అనని మొదటి మనిషి అతనే. వ్యాక్స్ వేడి తన మణికట్టు మీద చూసుకుని, వెంట్రుక వాలు వెంట పూసి, గుడ్డ పట్టీ అద్ది, ఊపిరి వదలండి సార్ అని ఎదురు లాగాడు. శశికాంత్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలా రెండు గంటలు.

అంతా అయ్యాక అద్దంలో ఎవరో నిలబడి ఉన్నారు. నున్నగా, ఎర్రగా, కొత్తగా.

"ఎన్నాళ్ళుంటుంది?" అని అడిగాడు.

"మూడు వారాలు బాగుంటుంది సార్. నాలుగో వారం గరుకు. అయిదో వారం మళ్ళీ పాత మనిషే." సౌమ్యరంజన్ చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "మధ్యలో కత్తి పెట్టొద్దు. బియ్యపు గింజంత పెరగాలి. అప్పుడు రండి, మళ్ళీ వేర్లతో తీస్తాను."

కొన్నాళ్ళకి పూర్తిగా పోతుందా అని అడిగితే అతను అబద్ధం చెప్పలేదు. కొందరికి పోనుపోను పలచబడుతుంది, మీ విషయంలో మాట ఇవ్వలేను అన్నాడు. శశికాంత్ రైల్లో కూర్చుని లెక్కేసుకున్నాడు. నెలకోసారి. పెళ్ళయితే? అప్పుడూ నెలకోసారి. ఆమెకి తెలియకుండానా? ఆ ప్రశ్నకి జవాబు లక్ష్మీపూర్ దాటినా దొరకలేదు, టికిరి వచ్చినా దొరకలేదు.

తర్వాతి బుధవారం చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి ఆమె ఎదుట కూర్చున్నాడు. కౌముది చూసింది. మామూలుగా చూసే దానికన్నా అరక్షణం ఎక్కువే చూసి, ఏమీ అనకుండా పెద్దాయన భుజానికి ప్యాడ్ అంటించింది. ఆ మౌనాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు వాడు. ప్రేమలో పడ్డవాడికి మౌనం ఎలా కావాలంటే అలా వినిపిస్తుంది.

ఆగస్టు, సెప్టెంబరు అలాగే గడిచాయి. గరుకు రాగానే వారం పది రోజులు పనుందని ఇంటికి రాకపోవడం, గింజంత పెరగ్గానే కోరాపుట్, మళ్ళీ నున్నటి చేతులతో ప్రత్యక్షం. కౌముది మాత్రం వాడు రాని వారాల్లో కామేశ్వరమ్మని ఏదో మాటల్లో మాటగా, మీవాడు ఈ వారం రాలేదేటండి అని అడిగేది. పెద్దాయన అది విని ఊరుకోలేదు. ఒకరోజు ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకుని, మా ఇంటికి కోడలిగా వచ్చీ అమ్మీ అన్నారు. కౌముది తల వంచుకుని, మా నాన్నగారిని అడగండి అంది.

ఆమె తండ్రి భావనారాయణ గారిది కోస్తా నుంచి జమీందారీ ఎస్టేటు కొలువులకి వచ్చి మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. ఆయన రెవెన్యూలో చేసి రిటైరయ్యారు. వచ్చారు, కాఫీ తాగారు, పిల్లవాణ్ణి రెండు ప్రశ్నలడిగారు, పెద్దాయనతో గంటసేపు కబుర్లాడారు. కార్తీకంలో ముహూర్తం కుదిరింది. శశికాంత్ ఆ రోజే సౌమ్యరంజన్‌కి ఫోన్ చేసి, పెళ్ళికి సరిగ్గా మూడు రోజుల ముందు టైము రాయించుకున్నాడు. అంతకు అయిదు వారాల ముందు ఒకసారి చేయించుకుంటే ఆ రోజుకి సరిగ్గా గింజంత పెరుగుతుంది. నలుగు పెట్టే ఆడవాళ్ళ ముందు, ఆ తర్వాత ఆమె ముందు, మూడు వారాలు నిశ్చింత.

అక్టోబరులో అలా చేయించుకుని వచ్చిన సాయంత్రం పెదనాన్న మంచం దగ్గరికి పిలిచారు. ఎడమచేత్తో వాడి ముంజేయి తడిమారు. పైకీ కిందికీ, చాలాసేపు.

"నీ బాబుదీ నాదీ ఒక్కలాగే ఉండీది" అన్నారు. "ఆడు పోయిన్నాటి నుంచి నీ సెయ్యి సూసి ఆడు గుర్తొచ్చీవోడు. ఇప్పుడెవలి సెయ్యో పట్టుకున్నట్టుంది."

శశికాంత్ మంచం అంచున కూర్చున్నాడు.

"ఆ అమ్మికి సెప్పేవా?"

లేదని తల ఊపాడు.

"పెళ్ళికి ముందే సెప్పీరా. దాసుకుని కాపరం సెయ్యకు. నాను సెప్పను, నువ్వే సెప్పాలి."

చెబుతాను అని మాటిచ్చాడు. రేపు, ఎల్లుండి, వచ్చే బుధవారం అని వాయిదా వేశాడు. చెబితే, ఎందుకు దాచావని అడుగుతుంది. ఎందుకో చెప్పాలంటే ఆమె మాట ఆమెకే అప్పగించాలి. అన్నిటికన్నా పెద్ద భయం వేరే. విన్నాక ఆమె ముఖం చిన్నగా ముడుచుకుంటే? పార్వతీపురం పిల్ల ముఖం వాడు చూడలేదు. ఈమెది చూడాల్సి వస్తుంది. అది తట్టుకోగలనన్న నమ్మకం వాడికి లేదు.

పెళ్ళి ఇంకా పన్నెండు రోజులుందనగా, తెల్లవారి కాఫీ తాగి, ఎడమచేత్తో గ్లాసు పక్కనపెట్టి, గోవిందరావు గారు కన్నుమూశారు.

కొడుకు లేని ఆయనకి కర్మ చేయాల్సింది శశికాంతే. మైల పది రోజులు. ఒంటికి కత్తి తగలకూడదు, తలకి నూనె తగలకూడదు. చాప మీద పడుకుని, ఒంటిమీద పంచె, ఉత్తరీయంతో, రోజూ తెల్లవారుజామున నాగావళి ఒడ్డుకి వెళ్ళి పిండం పెట్టి వచ్చాడు. పెదనాన్న లేని మంచం వైపు చూడలేక గోడవైపు తిరిగి కూర్చునేవాడు. చెబుతానన్న మాట చెప్పకుండానే ఆయన్ని సాగనంపానన్న బాధ అన్నం సహించనివ్వలేదు. మూడోరోజుకి గరుకు వచ్చింది. ఏడోరోజుకి ఛాతీ నల్లబడింది. పదోరోజుకి అయిదు వారాలు నిండాయి. కోరాపుట్‌లో టైము రాయించుకున్న రోజూ అదే.

కర్తకి ఏడాది పాటు శుభకార్యం లేదు. మాసికాలన్నీ ముందే కలిపి పెట్టేసి పెళ్ళి కానిచ్చేయొచ్చని బంధువులు ఇద్దరు సలహా చెప్పారు. శశికాంత్ ఒప్పుకోలేదు. నెలనెలా ఏ నెలది ఆ నెలే పెడతాను అన్నాడు. ఆ మాట అన్నాక, ఇక ఆమె తనకి దక్కదేమోనని కూడా అనుకున్నాడు.

పదోరోజు ఒడ్డునిండా జనం. ధర్మోదకాలు విడవడానికి వచ్చిన బంధువులు, రైల్వే వాళ్ళు, డొరగుడ నుంచి తోటి టెక్నీషియన్లు. మల్లేశ్వరరావు కత్తి నూరుకుని రాయి మీద కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా గోవిందరావు గారికి గడ్డం గీసిన మనిషి. శశికాంత్‌కి గుండు గీశాడు, మీసం తీశాడు. నీళ్ళు చల్లి, ముందుకి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"ఒంటిమీదది కూడా తీసీమంటావా బాబూ? ఇలాటప్పుడు కొందరు తీయించుకుంటారు. ఎవలూ ఏటీ అనుకోరు."

శశికాంత్ తలెత్తాడు. ఎదురుగా, ఆడవాళ్ళకి కొంచెం ఎడంగా, తండ్రి పక్కన కౌముది నిలబడి ఉంది. పెళ్ళి కావలసిన పిల్ల ఇక్కడికి రావచ్చా అని ఎవరో గొణుగుతున్నారు. అయిదు నెలలు పెద్దాయన చెయ్యి పట్టుకుని వేళ్ళు కదిలించిన మనిషి. రాకుండా ఎలా ఉంటుంది? ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయాయి. ఆ కళ్ళు వాడి మీదే ఉన్నాయి.

పెద్ద అవకాశం అది. మల్లేశ్వరరావు నాలుగుసార్లు కత్తి ఆడిస్తే చాలు, కర్మ చాటున అంతా మాయమైపోతుంది. వాడికి తన ముంజేయి కనిపించింది. అచ్చం మంచం మీది చెయ్యే. తెల్లబడలేదంతే.

"వద్దు. ఉండనీ" అన్నాడు.

లేచి, ఉత్తరీయం కప్పుకోకుండా, అంతమంది ముందూ నీళ్ళలోకి దిగాడు. మునిగి లేచినప్పుడు నీళ్ళు ఒంటినిండా వెంట్రుకల్లోంచి కారాయి. నాగావళిలో వాడు నలుగురూ చూస్తుండగా చొక్కా లేకుండా స్నానం చేయడం అదే మొదలు.

మొదటి మాసికం అయిన ఆదివారం మధ్యాహ్నం కౌముది వచ్చింది. ఆఖరి రోజు మిషన్ ఇక్కడే ఉండిపోయింది, తీసుకెళ్ళడానికి వచ్చేను అంది. కామేశ్వరమ్మ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, ఇద్దరినీ చూసి, పెరట్లో బట్టలు తీయాలని వెళ్ళిపోయింది.

శశికాంత్ చేతులు మడిచిన చొక్కాతోనే కూర్చున్నాడు. దించుకోలేదు. పెళ్ళికి ముందే చెప్పవలసిన మాట ఒకటుంది అని మొదలుపెట్టి, కోరాపుట్, సౌమ్యరంజన్, రాకుండా తప్పించుకున్న వారాలు, పెదనాన్నకిచ్చిన మాట, అన్నీ చెప్పాడు. ఏడాది ఆగమని అడిగే ముఖం నాకు లేదు, మీకు అక్కర్లేదనిపిస్తే మీ నాన్నగారికి నేనే చెబుతాను అన్నాడు.

"నాకు తెలుసు" అంది కౌముది. "మొదటి వారమే తెలిసింది. చేతులు పట్టుకోవడమే కదా నా పని. ఎర్ర పొక్కులు కనిపించలేదనుకున్నారా?"

"మరి అడగలేదేటి?"

"ఫ్యాషన్ అనుకున్నాను. భయం కూడా వేసింది."

"భయమా?"

ఆమె కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "పదిహేను రోజులకోసారి పై పెదవి మీది నూగు దారంతో తీయించుకుంటాను. ఇంత నున్నగా ఉండే మనిషి పొద్దున్నే నా మొహం చూసి ఏటంటాడో అని."

శశికాంత్ నవ్వేశాడు. పెదనాన్న పోయాక వాడు నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూనే, అసలు మొదలెట్టింది మీరే కదా, ఎలుగ్గొడ్డు అన్నారు అన్నాడు.

కౌముది ముఖం పాలిపోయింది. ఆమెకి గుర్తే లేదు. గుర్తు చేసుకోవడానికి కొంతసేపు పట్టింది. గుర్తొచ్చాక కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"ఆయన నవ్వాలని అన్నానండి. మూతి కుడివైపు కదులుతుందో లేదో చూడాలి. నవ్విస్తే గాని తెలీదు. నోటికొచ్చిందేదో అనేసేను." ఆమె వాడి ముంజేతి వైపు చూసింది. "మీరు గుమ్మంలో ఉన్నారని చూడలేదు. ఆ ఒక్క మాటకి నెలనెలా ఒళ్ళు పీకించుకున్నారా?"

ఆమె కళ్ళు తుడుచుకుని పెట్టె తెరిచింది. వైర్లు, జెల్, ప్లాస్టిక్ రేకు మీద వరసగా ప్యాడ్లు. చివరిదానికి నాలుగైదు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఆఖరి రోజువి. ఇద్దరూ వాటినే చూశారు. పుట్టినప్పుడు తెచ్చుకున్నవి పట్టుకుపోతానన్నారు ఆయన. కొన్ని ఇక్కడే వదిలి వెళ్ళారు.

కౌముది ఆ ప్యాడ్ తీసింది. శశికాంత్ చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, ముంజేతి మీద దట్టంగా ఉన్నచోట మెల్లగా అంటించింది. అరచేత్తో అదిమి పట్టుకుని కాసేపు ఉంచింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవాలని వాడికి అనిపించలేదు.

"ఇలా వాలు వెంట, నెమ్మదిగా తీస్తే నొప్పి ఉండదు" అంది తీస్తూ. "నాకు నేర్పేరు. ఆ రోజు తొందరపడ్డాను."

తెల్లవాటి పక్కన రెండు నల్లవి వచ్చాయి. ఆమె ఆ ప్యాడ్‌ని రేకు మీద జాగ్రత్తగా అంటించి, రేకు మడిచి, తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. మిషన్ పెట్టె మూత వేసి వాడి వైపు జరిపింది.

"ఇది నా దగ్గరుంటుంది. మిషన్ ఇక్కడే ఉండనివ్వండి. వచ్చే నెల మాసికానికి వచ్చినప్పుడు తీసుకెళ్తాను."

పెరట్లోంచి కామేశ్వరమ్మ, వాన వచ్చేలా ఉంది, అమ్మీ, కాఫీ తాగి వెళ్ళు అని కేకేసింది.

వచ్చే నెల కౌముది వచ్చింది. ఆ పై నెలా వచ్చింది. ప్రతిసారీ మిషన్ మరిచిపోయింది. ఏడాది తిరిగి సంవత్సరీకం అయ్యేదాకా అది ఆ ఇంట్లోనే ఉంది, ఆ తర్వాత తీసుకెళ్ళవలసిన అవసరం లేకపోయింది.